చూడని మాట పెట్టకూడదు

కానిస్టేబుళ్లు దేవుళ్లుని జీపులోకి తోసేసరికి అతని చొక్కా చెయ్యి ఒకటి భుజం దగ్గర ఊడిపోయి సోమలమ్మ గుప్పిట్లో ఉండిపోయింది.

"మా మావ కాదు బాబూ! మీ కాళ్లట్టుకుంటాను, మా మావ కాదు!"

ఆ గుడ్డముక్కతోనే జీపు వెనక చక్రం పక్కన కూలబడింది సోమలమ్మ. అంత ఏడుపులోనూ మొగుడి పేరు ఆమె నోట రాలేదు. ఆ వీధిలో ఏ ఇల్లాలి నోటా రాదు.

సరిగ్గా అప్పుడే మలుపు తిరిగింది అలివేలుమంగ. చంకలో పలకల సంచీ, చేతిలో గొడుగు. నర్సీపట్నం ఊరి చివర, కృష్ణదేవిపేట రోడ్డు మీద మన్మథరావు ఇంటి వసారాలో ఏడాదిగా ఆడవాళ్లకి వయోజన విద్య క్లాసు నడుపుతోంది ఆమె. అన్నాలు తిని గిన్నెలు తోముకున్నాక ఆడవాళ్లకి దొరికే కాస్త తీరిక వేళ అది. ఇవాళ ఆ వసారా ముందు పోలీసు జీపు నిలబడి ఉంది.

"ఏమైంది సోమలమ్మా?"

"కొండబాబుగోరి గానుగ పాక మా మావ కాల్సీసినాడంటన్నారు పంతులమ్మగోరూ! నిద్దరోతన్న మనిసి మీద నిప్పెడతాడేటండీ? ఆడికి కోడిపిల్లని కొయ్యడానికే సేతులాడవు!"

పాక కాలిన సంగతి అలివేలుమంగకి తెలుసు. శివరాత్రి వెళ్ళిన వారం, 1979. చెరుకు గానుగలు ఇంకా ఆడుతున్నాయి. మొన్న తెల్లవారకముందే కొండబాబు గానుగ పాక భగ్గున లేచిపోయింది. లోపల పడుకున్న కొండబాబుని ఈడ్చి బయటపడేశారు కానీ, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో అతను కళ్లు తెరవలేదు, నోరు విప్పలేదు. ఆశ పెట్టుకోవద్దన్నారట డాక్టర్లు. అతను పోతే ఇది హత్య. దేవుళ్లుని ఒకసారి కోర్టులో నిలబెట్టి జైలుకి పంపించేస్తే, వెనక్కి తెచ్చుకునే మనిషి ఆ కుటుంబంలో లేడు.

ఎస్సై రామనాథం వసారాలో కుర్చీలో కూర్చుని టోపీతో విసురుకుంటున్నాడు. పక్క కుర్చీలో మన్మథరావు.

అలివేలుమంగ నేరుగా ఎస్సై ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఏ ఆధారంతో తీసుకెళ్తున్నారండీ ఇతన్ని?"

"ఆధారమా? వాడి నోరే ఆధారం." ఎస్సై నవ్వాడు. "గానుగ పనిలో బెల్లం పాకం ముదరబెట్టాడని కొండబాబు వీణ్ణి చెంప మీద కొట్టాడు. వీడు బజార్లో నిలబడి 'నీ పాక తగలెట్టేస్తాను చూడు' అని అరిచాడు. బజారంతా విన్నారు. మన్మథరావుగారూ విన్నారు. మర్నాడు తెల్లారేసరికి పాక లేదు."

"తగలబెట్టేస్తానన్నాడు. తగలబెట్టానని అనలేదుగా?"

"భూత భవిష్యత్ వర్తమానాలు మీ బోర్డు మీద చూసుకోండి మేడమ్. నాకు కేసు చాలు."

మన్మథరావు పకపకా నవ్వాడు. "పంతులమ్మగారి నాన్నగారు యాజులుగారని పెద్ద వ్యాకరణ పండితులండీ. రక్తం ఊరుకోదు కదా!"

ఆ నవ్వు చూస్తూ అలివేలుమంగ ఒక్క క్షణం ఆగింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో అందలేదు. తర్వాత తట్టింది. మధ్యాహ్నం పూట ఈయన ఎప్పుడూ ఒంటి మీద తువ్వాలుతోనే తిరుగుతాడు. ఆయన వసారాలోకి వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు తలలు వంచుకుంటారు. ఇవాళ ఇంత ఉక్కలో, పొడుగు చేతుల చొక్కా. మణికట్టు దాకా గుండీలు. ఎస్సై వచ్చాడు కదా, మర్యాద కోసం వేసుకున్నాడేమో అనుకుంది.

"కాఫీ తాగి, సాక్షి సంతకం తీసుకుని బయల్దేరతాం," అన్నాడు ఎస్సై. "అమ్మా వరలక్ష్మమ్మగారూ, కొంచెం బేగి!"

లోపల్నించి గ్లాసుల చప్పుడు వినిపించింది. వరలక్ష్మమ్మ మన్మథరావు భార్య, క్లాసులో మొదటి రోజు నుంచీ ఉన్న మనిషి.

కాఫీ వచ్చేదాకా. అంతే ఉంది దేవుళ్లుకి.

చాప మీద అప్పటికే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. కాలవ గట్టు మీద గుడిసె వేసుకున్న లోవలక్ష్మి, ఈ ఇంట్లోనే పశువుల సాల ఊడ్చే జోగులమ్మ, ఇళ్ల బట్టలు ఉతికే అచ్చియమ్మ. అచ్చియమ్మ పక్కన వరలక్ష్మమ్మ చోటు ఖాళీగా ఉంది. ఒక్కరూ తల ఎత్తడం లేదు.

"ఈయాల క్లాసు వద్దులెండి పంతులమ్మగారూ," అన్నాడు మన్మథరావు. "ఈ గొడవలో ఏం చదువు!"

అలివేలుమంగ పలకల సంచీ చాప మీద పెట్టేసింది. "నాగా పడితే పైవాళ్లు కేంద్రం మూసేస్తారండీ. ఎస్సైగారు కూడా చూసినట్టుంటుంది."

"కానివ్వండి, కానివ్వండి," అన్నాడు ఎస్సై కాలు మీద కాలు వేసుకుని. "ఈ కేంద్రాలు నిజంగా నడుస్తున్నాయా అని మమ్మల్ని కూడా అడుగుతున్నారు."

ఆమె సుద్దముక్క తీసుకుంది. ఏం చెయ్యాలో ఆమెకే తెలియదు. జీపు కాసేపు ఆగితే చాలు. ఈలోగా వీళ్లలో ఎవరైనా, దేవుళ్లు ఆ వేళకి ఇంట్లో ఉన్నాడని ఒక్క ముక్క అంటే చాలు.

ఆ క్లాసుకి ఒక ఆట ఉంది. నాన్నగారి పద్ధతే అది. ముందు క్రియ పెట్టాలి. పెట్టి దానికి ప్రశ్నలు వెయ్యాలి. ఎక్కడ, ఎప్పుడు, దేనితో, దేన్ని. ఒక్కో మనిషి ఒక్కో మాట ఇస్తే, బోర్డుకి కుడి చివర ఉన్న క్రియ ముందు అవి ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. అన్నిటికన్నా చివర, ఎడమ అంచున, కర్త. ఎవరు అన్న ప్రశ్నకి జవాబు.

ఆటకి నియమం మాత్రం ఆడవాళ్లే పెట్టుకున్నారు. మొదట్లో ఒకసారి ఆమె 'రాజు గుర్రం ఎక్కెను' అని రాస్తే జోగులమ్మ లేచి, "ఏ రాజమ్మా? ఎవులు సూసినారు? ఎక్కినాడో పడినాడో మనకేటి తెలుసు?" అంది. చాపంతా నవ్వింది. ఆ రోజు నుంచీ అదే శాసనం. చూడని మాట పెట్టకూడదు. ఎవరి వంతుకి వాళ్లు కళ్లతో చూసిందో, ముక్కుతో పసిగట్టిందో అదే పెట్టాలి. అబద్ధం పెట్టిన మనిషి నెల్లాళ్లు అందరి పలకలూ కడగాలి.

"క్రియ ఎవరు పెడతారు?"

జోగులమ్మ గొణిగింది. "కాలిపోనాది."

ఎస్సై టోపీ ఊపడం ఆపి చూశాడు. ఈ మాట వస్తుందని అలివేలుమంగ అనుకోలేదు. వెనక్కి తీసుకోలేదు. బోర్డు కుడి చివర 'కాలిపోయింది' అని రాసింది.

"ఏది?"

"పాక," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

"దేనితో?"

లోవలక్ష్మి చెయ్యెత్తింది. "కిరసనాయిలుతోటండి. అందరికంటే ముందు కడవట్టుకుని నానే ఎల్లినాను. కంపు నా ముక్కుకి తగిలినాది. ఈ ఆటలో ముక్కు కూడా సెల్లుద్దన్నారు కదా."

"అది మాకూ తెలుసు," అన్నాడు ఎస్సై. "డబ్బా జీపులోనే ఉంది."

అలివేలుమంగ బోర్డు వైపు తిరిగింది. కిరసనాయిలు తనంతట తాను నడిచి వెళ్ళదు. 'కాలిపోయింది' తుడిచేసి 'కాల్చారు' అని రాసింది. ఆ సుద్ద చప్పుడుకి చాప మీద అందరూ ఒక్కసారి తలలెత్తారు. మూడు రోజులుగా వీధంతా కాలిపోయింది, కాలిపోయింది అనే అంటోంది. కాల్చారు అని ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

"కిరసనాయిలు ఎక్కడిది?"

జోగులమ్మ జీపులోకి చూసింది. దేవుళ్లు కాళ్ల దగ్గర నల్లగా మాడిన డబ్బా ఉంది. సోమలమ్మ కూడా ఆవిడ వైపే చూస్తోంది. సోమలమ్మ ఆవిడకి వరసకి ఆడపడుచు.

"సాలలోదండి," అంది జోగులమ్మ.

"ఏ సాల?"

"నాను ఊడిసే సాల. ఆ డబ్బాకి సైకిలు బ్రేకు తీగతో పిడి కట్టినాను, నా సేత్తోటే. సూడండి, ఉందో నేదో. లాంతరుకి సమురు పోసే డబ్బా అది. పాక కాలిన పొద్దున్న దూలానికి లేదు."

కానిస్టేబులు డబ్బా ఎత్తి చూశాడు. మెలితిప్పిన బ్రేకు తీగ. ఎస్సై మొహం నెమ్మదిగా మన్మథరావు వైపు తిరిగింది.

మన్మథరావు చెక్కు చెదరలేదు. తొడ చరిచి నవ్వాడు. "విన్నారా ఎస్సైగారూ! నా సాలలో దొంగతనం కూడా చేశాడన్నమాట వెధవ! గానుగ మాన్పించాక మా పెరట్లోకే వచ్చి పని అడిగాడు. అప్పుడే కన్నేసి ఉంటాడు. శభాష్ జోగులమ్మా! మంచి మాట పెట్టావే!"

"అవును కదా," అన్నాడు ఎస్సై, కుర్చీలో వెనక్కి వాలుతూ.

దేవుళ్లుని విడిపిద్దామని మొదలుపెట్టిన వాక్యం అతని మెడకే చుట్టుకుంటోంది. సోమలమ్మ పంతులమ్మ వంక చూసిన చూపు వాత పెట్టినట్టుంది. జీపులో దేవుళ్లు తల అటూ ఇటూ ఆడిస్తున్నాడు. చొక్కా చెయ్యి ఊడిపోయిన ఆ కుడి చెయ్యి జీపు కడ్డీని పట్టుకుని ఉంది.

ఆ చెయ్యి.

భుజం నుంచి మణికట్టు దాకా బయటికి కనిపిస్తోంది. నల్లటి చెయ్యి, ఒత్తుగా వెంట్రుకలు. ఎక్కడా ఒక్క బొబ్బ లేదు.

"ఎస్సైగారూ, ఒక్క మాట. గానుగ పాకలో ఎండిన చెరుకు పిప్పి గుట్టలుగా ఉంటుంది. దాని మీద కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీస్తే మంట ఎదురు లేచి చేతుల మీదికి వస్తుంది కదండీ?"

"వస్తుంది. అయితే?"

"ఆ చెయ్యి చూడండి. వెంట్రుక కూడా మాడలేదు."

ఎస్సై లేచాడు. జీపు దగ్గరికి వెళ్ళి దేవుళ్లు చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. రెండో చెయ్యి కూడా గుండీలు ఊడదీసి చూశాడు.

అలివేలుమంగ మాత్రం అటు చూడటం లేదు. ఆమె కళ్లు మన్మథరావు మీద ఉన్నాయి. ఎస్సై వీపు తిరిగిన ఆ క్షణంలో ఆయన ఎడమ చెయ్యి కుడి మణికట్టు మీదికి పాకింది. గుండీ పెట్టి ఉందో లేదో తడుముకుంది.

ఇంత ఉక్కలో ఆ చొక్కా ఎందుకో ఆమెకి ఇప్పుడు తెలిసింది. కొండబాబు ఆయిలింజను గానుగ పెట్టినప్పట్నుంచీ రైతుల చెరుకంతా అటే పోతోంది. ఈయన ఎద్దుల గానుగ పని లేక ఎండకి పగుళ్లు తీస్తోంది. కానీ తను నిలబడ్డది ఈయన వసారాలో. చాప మీద ఉన్నది ఈయన ఇంటి పనివాళ్లు. తను చూసింది ఒక గుండీని తడుముకోవడం మాత్రమే. దాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి?

"ఇంక చాలించండి పంతులమ్మగారూ," అన్నాడు మన్మథరావు. ఈసారి నవ్వలేదు. "చదువు పేరు చెప్పి నా వసారాలో కోర్టు పెడతారేటి?"

ఎస్సై తిరిగొచ్చి కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నాడు. "ఉండండి మన్మథరావుగారూ. మేడమ్, ఈ వాక్యానికి ఇంకెన్ని మాటలు కావాలి?"

"ఎలా వెళ్ళారో ఒక మాట. ఎవరు అన్నది ఒక మాట."

"అడగండి."

అచ్చియమ్మ వంతు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది ఆమె. తెల్లారకముందే బట్టల మూటతో కాలవ రేవుకి వెళ్ళే మనిషి.

"నువ్వు చూసింది పెట్టు అచ్చియమ్మా. చూడంది వద్దు."

"జరీ అంచు పంచె..." అంది అచ్చియమ్మ. కొంగు నోటి మీంచి తీసింది. "ఆయాల తెల్లారకముందే జరీ అంచు పంచె ఎగ్గట్టుకుని గట్టు మీద ఎల్లినారండి. గానుగ పాక ఏపు. సేతిలో డబ్బా ఉంది."

దేవుళ్లు కట్టుకున్నది నిక్కరు. పుట్టాక జరీ అంచు అతని ఒంటికి తగిలి ఉండదు. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పనక్కర్లేకపోయింది.

"ఎవరు?" ఎస్సై గొంతు కొరడాలా వచ్చింది.

"మొకం అటు తిరిగున్నాది బాబూ. ఈపే సూసినాను. మొకం సూడనేదు. సూడని మాట నాను పెట్టను."

మన్మథరావు ఊపిరి వదిలాడు. అది వసారా అంతా వినిపించింది. "ఊళ్లో జరీ పంచెలు నాకొక్కడికే ఉన్నాయేటండీ? పెళ్ళికెళ్ళిన ప్రతివాడికీ ఉంటాయి. ముఖం చూసిన మనిషి లేదు. ఇంక చాప చుట్టండి. ఏమే! కాఫీ ఏదీ?"

వరలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు గ్లాసులు. కాఫీ మీద మీగడ కట్టేసింది. ఆమె పళ్ళెం తెచ్చి ఎస్సై ముందు పెట్టలేదు. గోడవార కింద పెట్టేసింది. వచ్చి చాప మీద అచ్చియమ్మ పక్కన తన చోట్లో కూర్చుంది.

"నా వంతు పోయింది కాదు కదా పంతులమ్మగారూ?"

"లేదమ్మా," అంది అలివేలుమంగ.

"లోపలికెళ్లు," అన్నాడు మన్మథరావు.

ఆమె కదల్లేదు. బోర్డు వైపు చూసింది. ఎడమ అంచున ఖాళీ.

"ఆ రోజు తెల్లారకముందు నూతి దగ్గర నీళ్లు తోడమన్నారు," అంది. ఎవరితోనో కాదు, బోర్డుతో చెబుతున్నట్టు. "తోడినాను. మోచేతి దాకా బొబ్బలు. వెన్న రాసినాను. పంచె పొయ్యిలో పెట్టమన్నారు. పెట్టినాను. అంచు మటుకు కాల్లేదు, జరీ కదా. అది పొయ్యి కింద బూడిదలో ఉంది."

అన్ని క్రియలున్నాయి. కర్త లేడు. ఆమె మాటల్లో ఎప్పుడూ ఉండడు. క్లాసు మొదటి రోజు మొగుళ్ల పేర్లు రాసుకున్నప్పుడు ఆమె సిగ్గుతో తల దించుకుంటే పక్కనున్న అచ్చియమ్మ ఆ పేరు చెప్పింది. అచ్చియమ్మ మొగుడి పేరు జోగులమ్మ చెప్పింది. ఈ వీధిలో మొగుడి పేరు ఎప్పుడూ పక్కదాని నోట్లోనే ఉంటుంది.

ఎస్సై చూపు మన్మథరావు కుడి చేతి గుండీ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కానిస్టేబులు వసారా మెట్టు ఎక్కాడు.

"ఎవరికి తోడారమ్మా నీళ్లు? ఎవరి చేతికి రాశారు వెన్న? పేరు చెప్పాలి. పేరు లేకుండా నేను రాసుకోలేను."

మన్మథరావు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో విరిగింది. "అదేం చెప్తుందండీ! ఇరవయ్యేళ్ల కాపురం, పేరెట్టి పలకడం ఎరగదు. అడగండి, అడగండి! నోరు పెగుల్తుందేమో చూద్దాం!"

ఎప్పటి అలవాటే. పక్కనున్న అచ్చియమ్మ పెదవులు కదిలాయి. ఆ పేరు చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అంతలో మన్మథరావు కళ్లు ఆమె మీద పడ్డాయి. ఆ చూపులో ఆమె గుడిసె, బట్టల మూట, పిల్లల మెతుకు అన్నీ ఉన్నాయి.

వరలక్ష్మమ్మ అచ్చియమ్మ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"వద్దే. నీ నోటితో వద్దు. నువ్వు చెప్తే రేపు నీకు ఈ ఊళ్లో రేవుండదు. ఇన్నాళ్లూ చెప్పావు, చాలు."

జీపు పక్కన సోమలమ్మ ఏడుపు ఆపేసింది. ఆ చొక్కా చెయ్యిని రెండు చేతులా పట్టుకుని చూస్తోంది.

అలివేలుమంగ సుద్దముక్కని బోర్డు ఎడమ అంచున ఆనించింది. ఏడాదిగా రోజూ అడిగే ప్రశ్నే. అడగడానికి ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"ఎవరు?"

వరలక్ష్మమ్మ తల ఎత్తింది. మొదటిసారి మొగుడి ముఖంలోకి తిన్నగా చూసింది.

"మన్మథరావు."